మోయని బరువు

అడవిలో రెండు మూడు రాత్రులు గడపడానికి మొదటిసారి బయల్దేరే మనిషికి అన్నిటికంటే ముందు ఎదురయ్యే పని సంచి సర్దుకోవడం. బుష్‌క్రాఫ్ట్ అన్న పేరుతో ఇవాళ నగరాల యువతీయువకులు నేర్చుకుంటున్న విద్యలో ఆ పనికి పెద్ద పీటే ఉంది. ఒక కత్తి, చిన్న గొడ్డలి, తాడు, పైన కట్టుకోవడానికి టార్పాలిన్, నిప్పు రాజేసే ఫెర్రో కడ్డీ, మంట మీద పెట్టగలిగే స్టీలు సీసా. వీటితో సరిపెట్టుకుని, తక్కినదంతా అడవి నుంచీ చేతి నేర్పు నుంచీ రాబట్టుకోవడం ఆ విద్య ఆదర్శం. ఏం పెట్టుకోవాలి, ఏం వదిలెయ్యాలి అన్న చర్చ పైకి సామాన్ల చర్చలాగే ఉంటుంది. అడుగున ఉన్నది ధర్మ ప్రశ్న. మనిషికి ఏది లేకపోతే గడవదు? ఏది చేతిలో ఉంటే బుద్ధి చెడుతుంది? తన అవసరం ఎక్కడ ముగిసి, ఇతరుల మీద భారం ఎక్కడ మొదలవుతుంది? మన దేశంలో పుట్టిన మతాలన్నీ ఈ ప్రశ్నలు వేశాయి, వేసినప్పుడు చాలాసార్లు ఇల్లు విడిచి దారి పట్టిన మనిషినే ఎదురుగా నిలబెట్టుకున్నాయి. కాబట్టి వారాంతపు విహారానికి సంచి సర్దుకునేవాడి దగ్గర అపరిగ్రహం ప్రసక్తి తేవడం పెద్ద మాటను చిన్న చోట వాడటం అవుతుందని నేననుకోను. విహారమైనా వనవాసమైనా వీపు మీద పట్టేంతే తీసుకెళ్ళగలమన్న షరతు ఒక్కటే. ఇంట్లో ఉన్నంతకాలం ఆస్తి గురించి ఎన్ని సిద్ధాంతాలైనా చెప్పుకోవచ్చు. నడక మొదలైన గంటకల్లా ఆ సిద్ధాంతం భుజాలకు తెలిసిపోతుంది.

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో ఇలా సర్దుకునే ఘట్టం ఒకటుంది. రాముడి వెంట సైన్యాన్నీ, ధాన్యాన్నీ, ధనాన్నీ పంపమని దశరథుడు ఆజ్ఞాపిస్తాడు. రాముడు వద్దంటాడు. ఏనుగునే ఇచ్చేసినవాడికి దాని నడుముకు కట్టే తాడు మీద మమకారం దేనికని అడుగుతాడు. అక్కడితో ఆగిపోతే అది త్యాగం కథ అయ్యేది. ఆ వెంటనే ఆయన అడిగి తెప్పించుకున్నవి కూడా చూడాలి: కట్టుకోవడానికి నారచీరలు, తవ్వుకోవడానికి ఒక గునపం, ఒక బుట్ట. అంతకు ముందే లక్ష్మణుడు వింటితో పాటు ఆ గునపాన్నీ బుట్టనూ తానే మోస్తూ, దారి చూపుతూ ముందు నడుస్తానని అన్నకు మాటిచ్చాడు. రాజ్యాన్ని తృణప్రాయంగా వదిలినవాడు గునపాన్ని వదల్లేదు. కందమూలాలు తవ్వుకునే సాధనం లేకుండా పద్నాలుగేళ్ళు అడవికి వెళ్తే ఆ ముగ్గురి ఆకలీ ఎవరి మీద పడేది? దారిలో తగిలే ఆటవికుల మీద, మునుల ఆశ్రమాల మీద పడేది. నా వాదం ఇక్కడి నుంచే మొదలవుతుంది. సంచిలో ఒక వస్తువు ఉండాలా వద్దా అన్న సంగతి దాని బరువు తేల్చదు, ధర తేల్చదు, మొత్తం ఎన్ని వస్తువులయ్యాయన్న లెక్క కూడా తేల్చదు. అది మన వెంట లేకపోతే దాని పని ఎవరు చెయ్యాల్సి వస్తుంది, ఎవరు నష్టపోతారు అని అడిగితే తేలుతుంది. మనం మోయని బరువు మాయమైపోదు. ఇంకొకరి మీదికి మారుతుంది.

ఈ విద్యను ప్రేమించేవాళ్ళలో పాతుకుపోయిన నమ్మకం దీనికి అడ్డం వస్తుంది. సంచి ఎంత తేలికైతే మనిషి అంత నేర్పరి అని వాళ్ళు అంటారు. అలా అన్నవాళ్ళలో ఆద్యుడిగా చెప్పుకోదగ్గవాడు అమెరికా రచయిత జార్జ్ వాషింగ్టన్ సియర్స్. నెస్‌ముక్ అన్న కలం పేరుతో ఆయన రాసిన 'వుడ్‌క్రాఫ్ట్' 1884లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ అడవుల్లో అంతకు ముందు ఏడాది ఆయన నడిపిన 'సైరీ గ్యాంప్' అనే పడవ పదిన్నర పౌన్లు, అంటే ఐదు కిలోలకు లోపే. పడవ, మారు బట్టలు, దుప్పటి సంచి, రెండు రోజుల తిండి, చిన్న గొడ్డలి, గాలం కర్ర అన్నీ కలిపి 26 పౌన్లు, సుమారు 12 కిలోలు దాటనివ్వలేదని ఆయనే రాసుకున్నాడు. అప్పటికి అరవై దాటిన, ఆరోగ్యం సరిగా లేని మనిషి. చదివితే గౌరవం కలగక మానదు. అయితే ఆ 26 పౌన్లలో పరుపు లేదు. హెమ్లాక్, బాల్సమ్ లాంటి చెట్ల రెమ్మలు నరికి నేల మీద మందంగా పరుచుకుని పడుకోవడం ఆ కాలపు అడవి పద్ధతి. గుడారానికి గుంజలు అడవి ఇచ్చేది, రాత్రంతా మండే దుంగలూ అడవే ఇచ్చేది. మూట తగ్గిన మేరకు గొడ్డలికి పని పెరిగింది. ఒక మనిషి, ఒక రాత్రి అయితే అడవికి అదొక లెక్క కాదు. అతని పుస్తకం చదివి వేలమంది వస్తే లెక్కే. అదే ఆడిరాండాక్‌లో ప్రభుత్వ భూముల్ని 1885లో రక్షిత అడవిగా ప్రకటించారు, అక్కడి చెట్టు నరకకూడదని 1894లో రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ అడవులకు ముప్పు తెచ్చినది కలప వ్యాపారమే తప్ప విహారానికి వచ్చినవాళ్ళు కాదు, నిజమే. అయినా చెట్టును కాపాడాలనుకున్న చోట రెమ్మల పరుపుకు చోటుండదు. ఇవాళ దాని బదులు వాడే నురుగు చాప అరకిలో అటూ ఇటూగా తూగుతుంది. నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది గనక పైన కప్పుకునేదెంత ముఖ్యమో కింద పరుచుకునేదీ అంతే ముఖ్యం. ఆ అరకిలో మోసినవాడు చెట్టు రెమ్మల్ని చెట్టుకే వదిలాడు. తేలికగా వెళ్ళాలని దాన్ని ఇంట్లో పెట్టి వచ్చినవాడి భారంలో కొంత చెట్టు మోస్తుంది.

దీనికి ఆధ్యాత్మికమైన ఆక్షేపణ ఒకటి ఉంది, అది చాలా బలమైనది. పోతన భాగవతం ద్వితీయ స్కంధంలో శుకుడి నోట వచ్చే పద్యం తెలుగువాళ్ళలో ఎంతోమందికి నోటికి వచ్చు. పడుకోవడానికి నేల ఉండగా పరుపులెందుకు, దోసిలి ఉండగా పళ్ళాలెందుకు, నారలూ తోళ్ళూ ఉండగా పట్టుబట్టలెందుకు, గుహలుండగా మేడలెందుకు అని దాని భావం. ఆ మాటల ఎదుట నురుగు చాప గురించి వాదించడం చిన్నతనంగానే తోస్తుంది. నిజమైన విరాగికి సంచే అక్కర్లేదు కదా! కానీ ఆ పద్యాన్ని చివరిదాకా చదివితే శుకుడు లోకం మీద భారం లేని బతుకు గురించి చెప్పడం లేదని తెలుస్తుంది. ఆ భారం మోసేవాళ్ళెవరో కూడా అందులోనే ఉంది: పళ్ళిచ్చే చెట్లు, మంచి నీళ్ళిచ్చే నదులు, భిక్ష పెట్టే ఇల్లాళ్ళు. ధనమదంతో కళ్ళు కనిపించనివాళ్ళ కొలువు మాత్రం తాపసులకు వద్దంటున్నాడు. పరుపును కాదనడంలో ఆయన గురి పరుపు మీద లేదు, పరుపు కోసం వెళ్ళి నిలబడాల్సిన గుమ్మం మీద ఉంది. ఇంకో సంగతి, ఇదే భాగవతం శుకుడి గురించి చెప్పినది: గృహస్థుల ఇంటి ముంగిట ఆయన ఆవు పాలు పితికేంతసేపే నిలుస్తాడట. ఏమీ మోయని మనిషి తాను ఇతరులకు ఎంత బరువవుతున్నాడో అంత సూక్ష్మంగా కొలుచుకున్నాడు. ఆ కొలత తీసేసి, చేతులూపుకుంటూ వెళ్ళడం ఒక్కటే నేర్చుకుంటే మిగిలేది వైరాగ్యం కాదు, పరాధీనత. పైగా శుకుడు ఒక్కడు. సెలవు రోజుల్లో ఒకే కొండ మీదికి నలభైమంది ఏమీ తెచ్చుకోకుండా ఎక్కితే ఆ కొండ చెట్ల బెరడు ఎన్ని వారాలు నిలుస్తుంది?

బౌద్ధ సంప్రదాయం ఈ విషయాన్ని నియమాల దాకా తీసుకెళ్ళి తేల్చింది. భిక్షువుకు ఉండదగినవి ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, క్షురకత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడకట్టే సాధనం. ఈ పట్టికను నేటి శిబిర సామగ్రి పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొరలుగా వేసుకునే బట్టలు, ఒకే ఒక్క గిన్నె, ఒక పదునైన అంచు, చిరుగు కుట్టుకునే ఏర్పాటు, నీటి వడపోత అందులోనూ ఉన్నాయి. సూది ఎందుకు? చిరిగిన బట్టను కుట్టుకోగలిగితే దాత దగ్గర కొత్త బట్ట అడగక్కర్లేదు. అదనపు పాత్రను పది రోజులకు మించి ఉంచుకోరాదనీ, ఉన్న పాత్రకు ఐదు అతుకులు పడకుండా కొత్తది అడగరాదనీ వినయపిటకం చెబుతుంది. రెండో నియమం వెనక ఉన్న కథ నా వాదానికి ఆయువుపట్టు. ఒక కుమ్మరి భిక్షువులకు పాత్రలిస్తానని మాటిచ్చాడు. భిక్షువులు అదుపు లేకుండా అడుగుతూ పోయారు. వాళ్ళకు చేసిపెట్టడంలోనే పొద్దు గడిచిపోయి, అమ్ముకోవడానికి వేరే సరుకు చెయ్యలేక అతని ఆలుబిడ్డలు ఇబ్బంది పడ్డారు. నియమం పుట్టినది ఆ కుమ్మరి ఇంటి ఆకలి నుంచి. పాత్ర మీద మమకారం భిక్షువు మోక్షానికి అడ్డమా కాదా అన్న విచారణ ఆ కథలో లేనే లేదు.

నీళ్ళ వడపోత కథ ఇంకా కఠినమైనది. కోసల దేశంలో ఇద్దరు భిక్షువులు కలిసి ప్రయాణిస్తున్నారు. ఒకడి తప్పు నడతను రెండోవాడు మందలించాడు. ఆ మొదటివాడు కక్ష పెట్టుకుని, దాహం వేసినప్పుడు తన వడపోత గుడ్డ ఇవ్వలేదు. నీటిలోని పురుగును చంపకూడదన్న వ్రతంతో వడకట్టని నీళ్ళు తాగలేక మందలించినవాడు ప్రాణం విడిచాడు. దారిలో ఉన్న భిక్షువు అడిగితే వడపోత ఇవ్వకపోవడం దోషమని, వడపోత లేకుండా ప్రయాణమే చెయ్యరాదని, అది దొరకనప్పుడు పైబట్ట చెరగుతోనైనా వడకట్టుకోవచ్చని అప్పుడు నియమం వచ్చింది. ఒక చిన్న గుడ్డ ముక్కలో ఎన్ని ప్రాణాల బాధ్యత ఉందో చూడండి: నీటిలోని పురుగుది, మోసేవాడిది, పక్కన నడిచేవాడిది. ఇవాళ్టి శిబిరంలో నీటిని వడకట్టి, ఒక నిమిషం తెర్లా కాచుకోమని చెప్పేది తాగేవాడి కడుపు కోసమే. బౌద్ధులు అదే వస్తువుకు మరి రెండు దిక్కులు చూపించారు. జైనులలో దిగంబర ముని బట్టనే వదిలేశాడు, అయినా రాలిన నెమలి ఈకలతో కట్టిన పింఛాన్ని వదల్లేదు. కూర్చోబోయే చోట పురుగును మెల్లగా తప్పించడానికి అది కావాలి. దాన్ని సంయమోపకరణమనీ, కమండలువును శౌచోపకరణమనీ, చేతిలోని గ్రంథాన్ని జ్ఞానోపకరణమనీ అంటారు. ఒంటి మీద నూలుపోగు లేని మనిషి చేతిలో ఉన్న ఆ మూడింటిలో ఏ ఒక్కటీ అతని ఒంటి సుఖం కోసం కాదు. శబరిమలకు మన ఊళ్ళ నుంచి లక్షలాదిగా వెళ్ళే అయ్యప్ప దీక్షాపరుల ఇరుముడి కూడా ఇలాంటిదే. ముందు భాగంలో స్వామికి నేతి కొబ్బరికాయ, వెనక భాగంలో తన తిండి. తలకెత్తుకున్న దానిలో సగం మరొకరిదన్న ఎరుకతో కొండెక్కే నడక అది.

ఇక్కడ తత్త్వం తెలిసినవాళ్ళు అడ్డుతగులుతారు. వస్తువులో ఏముంది, బంధమంతా మనసులో ఉంది అంటారు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం పరిగ్రహాన్ని మూర్ఛ అనే చెప్పింది, అంటే మమకారపు మైకం. మహాభారతం శాంతిపర్వంలో జనకుడు సులభ అనే సన్యాసినితో ఇదే వాదిస్తాడు. జ్ఞానం వల్లే మోక్షమైతే త్రిదండం పట్టుకున్నవాడికి దొరికే మోక్షం గొడుగు పట్టించుకునే రాజుకు ఎందుకు దొరకదు, రెండూ పట్టుకునే వస్తువులే కదా అని అతని ప్రశ్న. ఈ లెక్కన అట్టహాసమైన గుడారంతో వెళ్ళినవాడూ నిస్సంగుడై ఉండవచ్చు, ఒక్క కత్తితో వెళ్ళినవాడూ ఆ కత్తి మీద ప్రాణం పెట్టుకుని ఉండవచ్చు. దీనిలో నిజం ఉంది, కాదనను. లెక్క తక్కువైనంత మాత్రాన మమకారం తగ్గదు. తేలికపాటి సంచులు మోసేవాళ్ళు ఒక్కో వస్తువు బరువునూ గ్రాముల్లో తూచి, దానికంటే పది గ్రాములు తక్కువ తూగేది మరొకటి వచ్చిందంటే ఉన్నదాన్ని పక్కన పడేసి కొనుక్కోవడం అందుకు సాక్ష్యం. కానీ వస్తువు మనసును ఏమీ చెయ్యదన్న మిగతా సగం మాట ఒప్పుకోలేను. జనకుడికి సులభ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఇది: భూమినంతా ఏలేవాడికీ ఒక్కటే నగరం, అందులో ఒక్కటే ఇల్లు, ఆ ఇంట్లో ఒక్కటే మంచం, ఆ మంచంలోనూ సగం భార్యది. వాడుకోగలిగిన దానికి మించి తనదనుకునేదంతా ఇతరుల శ్రమతో నిలబడుతున్నదే. మనసు ఎంత నిర్మలమైనా ఆ శ్రమ తగ్గదు.

అరణ్యకాండలో సీత చెప్పిన కథ ఇంకా లోతుకు వెళ్తుంది. రాముడు ఆయుధాలతో దండకారణ్యంలోకి నడుస్తుంటే ఆమెకు భయం వేసి, ఒక తాపసి సంగతి చెబుతుంది. అతని తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు యోధుడి వేషంలో వచ్చి, ఒక కత్తిని దాచమని అప్పగించి వెళ్ళాడు. అప్పగింత పోగొట్టుకోకూడదన్న నిష్ఠతో తాపసి దాన్ని ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకెళ్ళాడు, పళ్ళకూ దుంపలకూ వెళ్ళినప్పుడు కూడా. రోజూ చేతిలో ఉండగా ఉండగా బుద్ధి క్రూరమైంది, తపస్సు పోయింది, చివరికి నరకానికి పోయాడు. ఆ కత్తి మీద అతనికి మొదట ఏ మమకారమూ లేదు. ఉన్నది మాట నిలబెట్టుకోవాలన్న సద్బుద్ధి. అయినా దానికి అడవిలో చెయ్యాల్సిన పనేదీ లేదు గనక, ఆ పనిని అది తానే వెతుక్కుంది. కొత్తగా బుష్‌క్రాఫ్ట్ నేర్చుకునేవాడి నడుముకు వేలాడే పెద్ద కత్తికీ ఇది వర్తిస్తుంది. పుల్లలు చెక్కుకోవడానికి, కూర తరుక్కోవడానికి నాలుగంగుళాల అలుగు చాలు. చెయ్యెడు కత్తి ఉంటే అవసరం లేని మొక్కను నరకాలనిపిస్తుంది, పచ్చి చెట్టు మీద గాటు పెట్టాలనిపిస్తుంది. సీతకు రాముడు ఇచ్చిన జవాబు కూడా గమనించాలి. దండకలోని మునులు శరణు కోరారనీ, ఆర్తుల మొర వినిపించకుండా చూడటానికే క్షత్రియుడు విల్లు పడతాడనీ అంటాడు. ఆయుధం నాది గనక మోస్తున్నానని అనలేదు, నా మనసు నిర్మలం గనక ఫర్వాలేదనీ అనలేదు. ఎవరి కోసమో చెప్పాడు. సీత వేసిన ప్రశ్న, రాముడిచ్చిన జవాబు రెండూ ఒకే కొలబద్దను ఒప్పుకుంటున్నాయి.

మొదటిసారి వెళ్ళేవాడి మాటేమిటి? నెస్‌ముక్‌కు ఏళ్ళ తరబడి అడవిలో గడిపిన అనుభవం ఉంది, కొత్తవాడికి తడి పుల్లతో మంట కూడా పుట్టదు. జ్ఞానం పెరిగేకొద్దీ సంచి తగ్గుతుందన్నది నిజమైతే, జ్ఞానం లేని చోట సంచి పెరగాల్సిందే కదా? పెరగాలి, సందేహం లేదు. కొత్తవాడు ఫెర్రో కడ్డీతో పాటు లైటరు పెట్టుకోవాలి, ఒక మారు జత పొడి బట్టలు తడవకుండా చుట్టిపెట్టుకోవాలి, గాయానికి కట్టు సామాను, తలకు పెట్టుకునే లైటు, ఈల ఉండాలి. అవి లేకుండా వెళ్ళి చలికి వణుకుతూ దారి తప్పితే, అర్ధరాత్రి టార్చీలు పట్టుకుని వెతకాల్సినది దగ్గర ఊరివాళ్ళూ అటవీ సిబ్బందీ. కొత్తవాడి తేలిక సంచి వాళ్ళ నిద్ర మీద, కొన్నిసార్లు వాళ్ళ ప్రాణాల మీద అప్పు. అయితే సంచి నింపేది అజ్ఞానం ఒక్కటే కాదు, భయం కూడా. యోగసూత్రాలకు వ్యాసభాష్యం అపరిగ్రహాన్ని వివరిస్తూ వస్తువుల్లో ఐదు దోషాలు చూడమంటుంది: సంపాదించడంలో, కాపాడటంలో, పోగొట్టుకోవడంలో, అంటిపెట్టుకోవడంలో, హింసలో. భయంతో పెట్టుకున్న వస్తువు ఈ ఐదింటికీ దొరికిపోతుంది. రెండో గొడ్డలి, మూడో లైటు, చీకటి నిశ్శబ్దాన్ని కప్పెయ్యడానికి తెచ్చే స్పీకరు ఇలాంటివి. స్పీకరు విషయం నాకు బాధ కలిగిస్తుంది. ఒక మనిషి ఒంటరితనపు బరువును ఆ లోయలోని ప్రతి పక్షీ ఆ రాత్రంతా మోయాల్సి వస్తుంది. దానికి ఎదురు, ఎవరూ ఫోటో తీసుకోని చిన్న పార ఒకటుంది. నీటికి అరవై మీటర్ల దూరాన, జానెడు లోతు గుంట తీసి మలాన్ని పూడ్చడానికి. దాని వల్ల దాన్ని మోసేవాడికి సుఖమేమీ లేదు. దిగువన నీళ్ళు తాగేవాళ్ళ కోసం మోసేది అది.

ప్రతి భారమూ మనమే మొయ్యాలంటే సంచికి అంతు ఉండదని మరో అభ్యంతరం. మంటకు కట్టెలు కూడా ఇంటి నుంచి మోసుకెళ్ళాలా? ఇక్కడ మోయడం, అడవి నుంచి తీసుకోవడం కాక మూడో దారి ఉంది, అది కోరికనే తగ్గించుకోవడం. శుకుడి బోధ నిజంగా పనికొచ్చేది ఈ చోట. ఎండు పుల్ల సమృద్ధిగా లేని చోట మంట వద్దనుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోరో అటుకులో తిని పడుకోవచ్చు. మన దగ్గర ఇది చట్టం మాట కూడా. అభయారణ్యంలో ప్రమాదం తెచ్చేలా నిప్పు రాజెయ్యడాన్ని, అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు చాలా భాగం ఆవరించి ఉండగా, ఉత్తరదేశాల చలి అడవుల కోసం రాసిన సామాన్ల పట్టికను పట్టుకుని అక్కడికి వెళ్ళడం కుదరదు. ఎండాకాలం ఆకురాల్చిన అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

అదే నల్లమలలో చెంచులు గొడ్డలి, విల్లంబులు, దుంపలు తవ్వే కొనదేలిన కర్ర, బుట్ట వంటి కొద్ది వస్తువులతో తరతరాలుగా బతికారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వారి గురించి రాసిన పుస్తకంలో ఆ బతుకు వివరంగా ఉంది. వాళ్ళు అడవి నుంచే తీసుకున్నారు గదా, విహారికి తప్పయినది వాళ్ళకు ఒప్పెలా అయింది అని అడగవచ్చు. 1857లో హెన్రీ డేవిడ్ థోరోను మెయిన్ అడవుల్లో నడిపించిన పెనాబ్‌స్కాట్ ఆదివాసి జో పాలిస్ గురించీ అదే ప్రశ్న వస్తుంది. మారు బట్టలు కూడా లేకుండా గొడ్డలి, తుపాకి, కత్తి, ఒక దుప్పటితో ఆయన బయల్దేరాడని థోరో రాశాడు. తేడా నైపుణ్యంలోనే ఉందని సాధారణంగా చెబుతారు, అది సగం జవాబే. అక్కడే ఉండేవాడు ఈ ఏడు తాను తవ్విన చోటుకు వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు. దుంప మిగలకపోతే ఆకలి అతనిదే, అతని పిల్లలదే. తీసుకున్నదాని ఫలితం అతని మీదికే తిరిగి వస్తుంది. విహారి ఆదివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతాడు. నరికిన మోడు చిగురించిందా లేదా అతనికి ఎప్పటికీ తెలియదు. అందుకే చెంచుల తేలిక మూటను వైరాగ్యమని పొగడటం నాకిష్టం లేదు. అందులో పేదరికం కూడా ఉంది, అడవి మీద హక్కులు పోగొట్టుకున్న చరిత్ర ఉంది. వాళ్ళు ఉన్న స్థితిని వాళ్ళు కోరుకున్న వ్రతంగా చెప్పడం, ఆ మాట చెప్పుకుంటూ వాళ్ళు తినే దుంపనే సరదాకు తవ్వడం రెండూ అన్యాయమే.

చివరిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం. చెట్టు రెమ్మల బదులు నురుగు చాప అన్నావు, ఆ చాప ముడిచమురు నుంచి వచ్చింది, చెట్టును కాపాడి ఆ భారాన్ని ఎక్కడో కర్మాగారం పక్కన బతికేవాళ్ళ మీద వెయ్యలేదా అని. వేశాం. రెమ్మలైనా మట్టిలో కలుస్తాయి, చాప కలవదు. భారం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నను నిజాయితీగా అడిగితే అది అడవి అంచున ఆగదు, సంచిలోని ప్రతి వస్తువు పుట్టిన చోటు దాకా పోతుంది. దీనికి పూర్తి జవాబు ఉందని నేననను. కానీ కుమ్మరి కథ నుంచి వచ్చిన నియమం ఇక్కడ దారి చూపుతుంది: ఐదు అతుకులు పడేదాకా ఉన్నదే వాడు. ఒక్కసారి వెళ్ళడానికి కొత్త చాప, కొత్త గుడారం కొనుక్కోవడంలో ఉన్న దోషం, పదేళ్ళు వాడిన పాత చాపలో లేదు. మొదటిసారి వెళ్ళేవాడు అసలు కొనకపోవడం ఇంకా మంచిది. భిక్షువు సొంతానికి ఎనిమిదే ఉన్నా మంచాలు, పరుపులు, పీటలు సంఘానికి ఉండేవి. సంఘం పరుపును ఆరుబయట వేసుకుని, తిరిగి లోపల పెట్టకుండా, ఎవరికీ అప్పగించకుండా వెళ్ళిపోవడాన్ని వినయపిటకం దోషంగా లెక్కించింది. నలుగురు కలిసి వెళ్తే ఒక గొడ్డలి, ఒక గిన్నె, ఒక కట్టు సామాను పెట్టె చాలు. కాలేజీ బృందమైనా కాలనీ సంఘమైనా నాలుగు టార్పాలిన్లు, పది చాపలు ఉమ్మడిగా ఉంచుకుంటే నలభైమంది విడివిడిగా కొనక్కర్లేదు. దానికి ఒప్పుకోవాల్సిన షరతులు కొన్ని ఉన్నాయి: టార్పాలిన్‌ను బూజు పట్టకుండా ఎండలో ఆరేసి మడవడం, గొడ్డలికి పదును పెట్టడం, వాడిన కట్టుగుడ్డల స్థానంలో కొత్తవి పెట్టడం, తర్వాతివాడు అడిగిన రోజున తెచ్చి చేతికివ్వడం.